పులిగాడి సంగటి తొట్టి

వేరుశనగ కాయంతా ఇంటికి చేరిపోయాక ఆ చేను బోడిగా ఎండకు పడి ఉంది. అందులో కాపరి బొమ్మయ్య గొర్రెల మంద దించాడు. పది రోజులు గొర్రెలు అక్కడే పడుకుంటే చేనుకు ఎరువు. దానికి బదులుగా చేనుగలాయన ఇంటి నుంచి బొమ్మయ్యకు రోజూ కూడు. ఇదీ ఒప్పందం. ఆ ఇల్లాలిది పెద్ద చేయి. ఒక్కడికి పంపమ్మా అంటే నలుగురికి పంపేది. బొమ్మయ్య తినగలిగినంత తిని, మిగిలిన రాగిసంగటి ముద్దలన్నీ కుక్క తొట్టిలో వేసి, పైన ఇంత మజ్జిగ పోసి, పొద్దున్నే మందను తోలుకుని గుట్ట మీదికి వెళ్లిపోయేవాడు.

మందతో నడవలేని పన్నెండు గొర్రెపిల్లలు మాత్రం మకాం దగ్గరే ఉండేవి. వాటికి తడికెలతో కట్టిన చిన్న దొడ్డి. దొడ్డికి కాపలా పులిగాడనే కుక్క. కాస్త అవతల, మకాం సామానంతా మోసే ముసలి గాడిద ఓబులవ్వ. ఎటూ పోకుండా దాని ముందుకాళ్లకు తాడుతో బంధం వేసి ఉండేది.

పులిగాడికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. పెట్టినప్పుడు వాడు నిద్రపోతూ ఉండి ఉంటాడు. ఒళ్లుంది, పళ్లున్నాయి, ఊరు లేచిపోయే గొంతుంది. లేనిదల్లా నిమ్మళం. ఉరిమితే భయం. బొమ్మయ్య దగ్గితే, ఈయనకేమైనా అయితే నా గతేమిటని భయం. దగ్గకపోతే, ఎందుకు దగ్గలేదని భయం. భయం వేసిన ప్రతిసారీ వాడి కాళ్లు వాణ్ణి తొట్టి దగ్గరికి మోసుకుపోయేవి. ఒక ముద్ద మింగితే దడ కాస్త తగ్గినట్టుండేది. రెండో ముద్దకు ఇంకాస్త. మూడో ముద్దకు కడుపు రాయిలా అయ్యేది, రెప్పలు వాలేవి. నిద్ర లేచేసరికి భయం అక్కడే కూర్చుని ఉండేది, పక్కన కడుపునొప్పిని కూడా కూర్చోబెట్టుకుని.

"ఒరేయ్, ఆకలేసి తింటున్నావా?" అని ఓబులవ్వ అడిగేది.

"ఏమో అవ్వా. ఏదో ఒకటి నములుతూ ఉంటే బాగుంటుంది."

"అయితే నీ తోక నములు. ఎంత నమిలినా అక్కడే ఉంటుంది."

ఈ వ్యవహారమంతా గుట్ట కింద పొదలో కూర్చుని ఒక గుంటనక్క మూడు రోజులు చూసింది. కుక్కతో కలబడి గెలవలేనని దానికి తెలుసు. అరిచి తరమలేనని కూడా తెలుసు. 'కానీ వీడికి దిగులు పెడితే చాలు, నిద్ర వాడే పోతాడు' అనుకుంది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం చేనిగట్టు మీదికి వచ్చి, తోక ఒళ్లో పెట్టుకుని, పరామర్శకు వచ్చిన చుట్టంలా మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"బాగున్నావా అల్లుడూ?"

"ఎవడు నీకు అల్లుడు? పో ఇక్కణ్ణించి!" అని పులిగాడు మొరిగాడు.

"పోతాలే. సంతలో ఒక మాట విన్నాను, నీ చెవిన వేసి పోదామని వచ్చాను. వద్దంటే మానేస్తా."

"ఏం మాట?"

"వద్దులే. పిల్లవాడివి, తట్టుకోలేవు."

"చెప్పు మామా!"

చూశారా, ఒక్క దెబ్బకు మామ అయిపోయింది.

"మీ బొమ్మయ్య సంతలో ఇంకో కుక్కను బేరమాడుతున్నాడట. నడుము ఇంత సన్నం, చెవులు ఇంత నిక్కు. బేరం తెగకముందే పేరు కూడా పెట్టేసుకున్నాడట."

"ఏం పేరు?"

"పులిగాడు."

"అది నా పేరు కదా!"

"అదేగా నా బాధ! పేరైనా నీకు మిగల్చొద్దా? సరే, నేను వస్తా. నువ్వు మనసులో పెట్టుకోకు. పోయి రెండు ముద్దలు తిను, ధైర్యంగా ఉంటుంది."

ఓబులవ్వ అవతల గడ్డి దగ్గర నుంచి "దాని మాట వినకురా!" అని అరుస్తూనే ఉంది. పులిగాడి చెవులు పని చేస్తే కదా. తొట్టిలో మూతి పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో ముద్ద సగం నోట్లో ఉండగానే గురక వచ్చింది.

నక్క తాపీగా లేచింది. తడికె కింద మట్టి గోకి, తల దూర్చి, దొరికిన పిల్లను చెవి పట్టి లాగింది. ఓబులవ్వ పరుగెత్తాలంటే కాళ్లకు బంధం. కాళ్లు లేకపోతేనేం, గొంతుంది. చేను అవతల ఊళ్లో కుండలు కదిలేలా ఓండ్ర పెట్టింది. పులిగాడు ఉలిక్కిపడి లేచి, నిద్రమత్తులో ముందు ఓబులవ్వ మీదికే మొరిగి, తర్వాత దొడ్డి వైపు తూలుకుంటూ వచ్చాడు. నక్క పిల్లను వదిలేసి దూకింది. పిల్ల బతికింది. దాని ఎడమ చెవి సగం మాత్రం నక్కతోనే పోయింది.

సాయంత్రం మంద తిరిగి వచ్చింది. ఆ పిల్ల తల్లి, చుక్కల గొర్రె, బిడ్డ చెవిని నాకి నాకి పులిగాడి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమయ్యా కావలివాడా, నా బిడ్డ అరుస్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

పులిగాడు నేల చూశాడు.

"మూతికి ఇంకా సంగటి అంటుకునే ఉంది. తుడుచుకో," అని చుక్కల గొర్రె వెళ్లిపోయింది.

బొమ్మయ్య పిల్ల చెవికి పసుపు అద్దుతూ అన్నాడు: "ఒరేయ్ పులిగా, ఆరు రోజుల్లో మకాం ఎత్తుతాం. ఈలోగా ఇంకొక్క పిల్లకు గీత పడిందా, నిన్ను ఈ చేలోనే వదిలేసి పోతా. తిని పడుకునే కుక్కను కొండలెంట నేనేం తిప్పుతాను?"

ఆ మాటకు పులిగాడి గుండె జారిపోయింది. జారిన గుండెను వెతుక్కుంటూ ఎక్కడికి పోయాడనుకుంటున్నారు? తొట్టి దగ్గరికే.

మర్నాడు పొద్దున మాత్రం వాడు తొట్టికి వీపు పెట్టి కూర్చుని ప్రకటించాడు: "అవ్వా, ఈ రోజు నుంచి ముద్ద ముట్టను. గాలి తాగి బతుకుతాను."

"ఎందుకురా అంత పని?"

"తిండి వల్లే కదా ఇదంతా!"

"సరే, చూద్దాం," అంది ఓబులవ్వ.

పొద్దు రెండు బారలెక్కేదాకా వాడు రాయిలా కూర్చున్నాడు. ఆ తర్వాత తోక ఒక్కటీ తొట్టి వైపు తిరిగింది. తర్వాత మెడ తిరిగింది. మధ్యాహ్నానికి ఒళ్లంతా తిరిగింది. రోజూ నాలుగు తినేవాడు ఆ రోజు ఏడు తిని, తొట్టి అడుగు నాకి, దాని పక్కనే కూలబడి ఏడుపు మొదలుపెట్టాడు. నక్క ఆ పూట రాకపోవడం గొర్రెపిల్లల అదృష్టం.

"నేను పనికిరానివాణ్ణి అవ్వా. నాకు సిగ్గు లేదు. నోరు కట్టుకోలేను."

ఓబులవ్వకు ఒళ్లు మండింది. బంధం వేసిన కాళ్లతో గెంతుకుంటూ వచ్చి వాడి ముందు నిలబడింది.

"ఆపరా ఏడుపు! ఆకలైనవాడు తినడం తప్పని నేనెప్పుడైనా అన్నానా? కడుపు మాడ్చుకుంటే బుద్ధి వస్తుందని ఎవడు చెప్పాడు నీకు? నీ రోగం కడుపులో లేదు, గుండెలో ఉంది. గుండెలో ముల్లు గుచ్చుకుంటే కడుపులో సంగటి పోస్తున్నావు. ముల్లెలా వస్తుంది బయటికి?"

"నీకేం తెలుసులే అవ్వా. నీకు భయాలూ దిగుళ్లూ ఉంటాయా? బరువు మోయడం తప్ప."

ఓబులవ్వ చెవులు రెండూ వాల్చేసింది. తర్వాత మెల్లగా అంది: "నాకొక పిల్ల ఉండేది. దాన్ని బొమ్మయ్య తండ్రి సంతలో అమ్మేశాడు. ఆ ఏడాది నేనేం తిన్నానో తెలుసా? ఆయన కప్పుకునే కంబళి తిన్నాను. అంచు నుంచి మొదలుపెట్టి మొత్తం. గడ్డి దొరక్క కాదు, చుట్టూ పచ్చగడ్డే. కడుపు ఉబ్బి నాలుగు రోజులు కింద పడి కొట్టుకున్నాను. చలికాలమంతా ఆయన వణుకుతూ నన్ను తిట్టాడు. పిల్ల తిరిగి రాలేదు, కంబళీ తిరిగి రాలేదు."

పులిగాడు నవ్వాలో ఏడవాలో తెలియక తుమ్మాడు.

"మరి ఎట్లా తేరుకున్నావు అవ్వా?"

"నా మీద బరువు ఎట్లా కడతారో చూశావా? అటొక మూట, ఇటొక మూట. రెండూ ఒకే పక్కన కడితే నాలుగడుగులు వేయలేను, పడతాను. దిగులు కూడా అంతే. అంతా నీ ఒక్కడి పక్కనే కట్టుకున్నావు. కొంత ఇంకొకరికి చెప్పు, రెండు పక్కలా పడుతుంది. ఆ రోజుల్లో ఒక ముసలి మేక ఉండేది నాకు. రోజూ దానికి నా పిల్ల ముచ్చట్లు చెప్పేదాన్ని. విని విని అది మేత మానేసేది పాపం, నేను మాత్రం తేలికపడ్డాను. ఇంకొకటి చూశావా? బరువు దింపగానే నేను దుమ్ములో పడి పొర్లుతాను. బొమ్మయ్యకు అది పిచ్చిలా కనిపిస్తుంది. నాకు అది మందు."

"నేను కూడా పొర్లాలా?"

"పొర్లు, పరుగెత్తు, నీకేది కుదిరితే అది. భయమేసిందా, ముందు లేచి దొడ్డి చుట్టూ ఒక చుట్టు తిరుగు. తిరుగుతూ నిన్ను నువ్వే అడుగు, ఈ భయం నేను కళ్లతో చూసిందా, ఎవరో చెబితే విన్నదా అని. ఆ తర్వాత వచ్చి నాకు చెప్పు. అప్పటికీ కడుపు అడిగితే తిను, ఎవరొద్దన్నారు? కూర్చుని, నమిలి, ముద్ద రుచి తెలిసేలా తిను."

వినడానికి ఇది ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. ఆరో రోజు గద్ద నీడ పడితే పులిగాడు భయపడి ఒక చుట్టు తిరిగాడు, తిరిగి వచ్చి ఒక ముద్ద తిన్నాడు, తిన్నందుకు భయపడి ఇంకో చుట్టు తిరిగాడు. గొర్రెపిల్లలు తడికె సందుల్లోంచి చూసి పడీపడీ నవ్వాయి.

"పులి మామా, నీకు పెళ్లా? ప్రదక్షిణాలు చేస్తున్నావు!" అంది సగం చెవి పిల్ల.

"ఊరుకోవే!" అన్నాడు గానీ, మొట్టమొదటిసారి వాడికి కూడా నవ్వొచ్చింది. నవ్వితే దడ తగ్గుతుందని ఆ రోజే తెలిసింది. ఏడో రోజుకు తొట్టిలో సాయంత్రం దాకా మూడు ముద్దలు మిగిలాయి.

ఎనిమిదో రోజు నక్క మళ్లీ వచ్చింది. ఈసారి దానికి తీరిక లేదు. పెళ్లాం తరఫు చుట్టాలు పొదకు దిగి ఉన్నారు. "మధ్యాహ్నానికి లేత గొర్రెపిల్ల తెస్తా, కూర్చోండి" అని వాళ్లకు మీసం మెలేసి చెప్పి వచ్చింది. పొద్దున్నుంచి దాని కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేవు.

"అల్లుడూ, ఇంకా ఇక్కడే ఉన్నావా? అయ్యో!" అంటూ గట్టు మీద కూలబడింది.

పులిగాడి గుండె ఒక్కసారి దబ్బుమంది. కాళ్లు తొట్టి వైపు తిరిగాయి కూడా. వాటిని బలవంతాన మళ్లించి, లేచి దొడ్డి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"ఎక్కడికి పోయావు మాట మధ్యలో?"

"ఇక్కడిక్కడే మామా. చెప్పు."

"ఆ కొత్త కుక్క బేరం తెగిందట."

పులిగాడు ఇంకో చుట్టు తిరిగాడు. ఈసారి ఓబులవ్వ దగ్గర ఆగి ఏదో చెప్పి వచ్చాడు.

"నువ్వు చూశావా మామా, విన్నావా?"

"విన్నానయ్యా. చూసినట్టే విన్నాను. అది ఉత్త చేతులతో పులిని చంపిందట!"

"కుక్కకు చేతులెక్కడివి మామా?" అని పులిగాడు మరో చుట్టుకు బయలుదేరాడు.

నక్కకు చెమటలు పట్టాయి. చిరుత దిగిందంది. గాలివాన వస్తుందంది. బొమ్మయ్యకు జ్వరమంది. అది ఒక్కో మాట అన్నకొద్దీ పులిగాడు ఒక్కో చుట్టు తిరిగాడు. దిగులు పెడితే పడుకుంటాడనుకున్నవాడు దిగులు పెట్టిన కొద్దీ కాపలా గట్టిగా కాస్తున్నాడు. పదకొండో చుట్టుకు తోక పైకి లేచింది. పదమూడో చుట్టుకు వాడు పరుగే అందుకున్నాడు.

"తినవేమిరా!" అని నక్క ఉండబట్టలేక అరిచింది. "ముద్దలు పులిసిపోతున్నాయి! మనిషివా నువ్వు?"

"కాదు, కుక్కను. ఆకలి లేదు మామా. నీ దయ వల్ల ఒళ్లు తేలికైంది. ఇంకేమైనా భయాలుంటే చెప్పు, పొద్దు గుంకేదాకా తిరుగుతా."

అని పద్నాలుగో చుట్టుకు దొడ్డి వెనక్కి పోయాడు.

నక్క ఒంటరిగా మిగిలింది. పొదలో చుట్టాలు ఎదురుచూస్తున్నారు. పెళ్లాం ఏమంటుందో తలుచుకుంటే దాని గుండె దడదడలాడింది. చెప్పుకోవడానికి ఎవరున్నారు దానికి? జీవితమంతా మాటలు చెప్పిందే గానీ మనసులో మాట ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా తొట్టి. తెల్లటి మజ్జిగలో నల్లటి ముద్దలు.

'ఒక్క ముద్ద. గుండె కుదుటపడటానికి,' అనుకుంది.

సంగటి సంగతి మీకు తెలుసు. గొంతు దిగేటప్పుడు మెత్తగా ఉంటుంది, దిగాక బండరాయి. అలవాటు లేని కడుపు. నక్క ఒకటి తింది, పెళ్లాం మాట గుర్తొచ్చి రెండోది తింది, బావమరిది ఎగతాళి గుర్తొచ్చి మూడోది. గుర్తొచ్చిన చుట్టానికొక ముద్ద చొప్పున తొట్టి ఖాళీ చేసి, లేవబోయి, లేవలేక, ఒక్క క్షణం కళ్లు మూసుకుందామని తొట్టికి తల ఆనించింది.

పులిగాడు ఓబులవ్వ దగ్గర కాసేపు ఆగి, చుట్టు ముగించి వచ్చేసరికి తన చోట్లో తనలాగే గురక పెడుతున్న నక్క కనిపించింది. వాడు నోరు తెరిచాడు.

"అవ్వా, నిద్రలో నేను ఇట్లాగే ఉంటానా?"

"ఇంకా అన్యాయంగా ఉంటావు. మొరగకు. ఆ గంప నెట్టుకురా."

అప్పుడే పుట్టిన పిల్లలను మూసే పెద్ద గంప ఒకటి దొడ్డి పక్కన ఖాళీగా పడి ఉంది. పులిగాడు మూతితో దాన్ని దొర్లించుకొచ్చి నక్క మీద బోర్లించాడు. ఓబులవ్వ గెంతుకుంటూ వచ్చి దాని మీద మెడ వాల్చి, హాయిగా కళ్లు మూసుకుంది. ఇరవై ఏళ్లు బరువులు మోసిన మెడ అది, తనే బరువైతే ఎట్లా ఉంటుందో నక్కకు కాసేపట్లో తెలిసింది.

"అల్లుడూ! అప్పుడే చీకటి పడిందేమిటి?"

"పడలేదు మామా. గంపలో ఉన్నావు."

"నన్ను వదిలేయ్! నాకు భయంగా ఉంది!"

"భయమేస్తే ఒక చుట్టు తిరగాలి మామా. మా అవ్వ మందు."

"ఇందులో తిరగడానికి చోటెక్కడుంది!"

"అదిగో, బొమ్మయ్య మందను తోలుకుని వస్తున్నాడు. చేతిలో కర్ర ఉంది."

"చూశావా, విన్నావా?" అని నక్క వణికిపోతూ అడిగింది.

"చూస్తున్నా మామా. కళ్లారా చూస్తున్నా."

బొమ్మయ్య వస్తూనే దొడ్డిలో పిల్లల్ని లెక్కపెట్టాడు. పన్నెండూ ఉన్నాయి. "మరి ఈ గంప కింద ఎవరు?" అని ఓబులవ్వను అదిలించి గంప ఎత్తాడు. నక్క దూకింది గానీ ఏడు ముద్దల కడుపు వెనకే ఉండిపోయింది. కర్ర మూడుసార్లు దిగింది. నాలుగోసారి దిగేలోపు చుక్కల గొర్రె వెనక నుంచి వచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. ఆ కుమ్ముతోనే అది గట్టు దాటింది. అవతలి నుంచి పులిగాడు గుట్ట మొదలుదాకా తరిమాడు. పద్నాలుగు చుట్లు తిరిగిన కాళ్లు మరి, బాగా సాగాయి.

పొద దగ్గర దాని పెళ్లాం అడిగిందట, గొర్రెపిల్ల ఏదని.

"సంగటి తిన్నాను," అందట నక్క మూలుగుతూ.

"సంగటి తినడానికి నక్కగా పుట్టాలా? పో, పోయి మందలో ఉద్యోగం అడుక్కో!" అందట ఆ ఇల్లాలు, చుట్టాలందరి ముందూ.

ఇక్కడ బొమ్మయ్య పులిగాడి తల నిమిరాడు. తొట్టిలోకి తొంగి చూసి, అది ఖాళీగా ఉండటం, వీడి నడుము సన్నగా ఉండటం చూసి, ఏదో అర్థమై నవ్వుకున్నాడు. చేనుగలాయన ఇంటి నుంచి వచ్చిన మూట విప్పి, పొగలు కక్కే ముద్ద ఒకటి తీసి వాడి ముందు పెట్టాడు.

"ఎల్లుండి మకాం ఎత్తాలి. దండిగా తినరా పులిగా, దూరం నడవాలి."

పులిగాడు ముద్ద వైపు చూశాడు. ఓబులవ్వ వైపు చూశాడు.

"అవ్వా, గుండె నిమ్మళంగానే ఉంది. కానీ కడుపు అడుగుతోంది. నిజంగానే ఆకలేస్తోంది."

"అయితే తినరా వెర్రివాడా, నన్నడుగుతావేం!"

వాడు కూర్చుని, కొంచెం కొంచెంగా కొరికి, నమిలి తిన్నాడు. సగంలో ఆగి అన్నాడు: "ఇందులో ఉప్పు వేస్తారా అవ్వా? ఇన్నాళ్లూ నాకు తెలియనే లేదు."

భయమేస్తే కాళ్లకు నడక చెప్పు, తోడున్నవాళ్లకు మాట చెప్పు. పళ్లను మాత్రం ఆకలేసేదాకా ఊరికే ఉండనియ్యి.